చేదెక్కిన నీళ్లు

“మాత్ర మింగితే నొప్పి యాడికి పోతాది నాయనా?” అని అడిగింది అవ్వ, షాపు గట్టు మీద కూచుని. పొద్దున్నుంచీ శెనక్కాయ కట్టె పీకి నడుం పట్టేసి వచ్చింది. ఆ రోజు కూలి ఇంకా కొంగుముడిలోనే ఉంది. ముడి విప్పి ఐదు రూపాయల బిళ్ల తీసి కౌంటరు అద్దం మీద పెట్టి, నేను నోరు తెరిచేలోపే తనే మళ్లీ అంది: “పోయేది కాదంట గదా. మా ఈదిలో ఆయప్ప చెప్పినాడు. ఈ జన్మలో అనుభవించకుండా తప్పించుకుంటే, వచ్చే జన్మలో వడ్డీతో సహా కాసుకోనుంటాదంట.”

గోరంట్లలో ముప్పై ఏళ్లకు పైగా మందుల షాపు నడుపుతున్నాను. భోజనానికి ముందా తర్వాతా, ఉడుకునీళ్లతోనా చల్లనీళ్లతోనా, పాలతో మింగొచ్చా అనే ప్రశ్నలకు నిద్రలో లేపినా జవాబు చెప్పగలను. నొప్పి ఎక్కడికి పోతుందని మాత్రం అంతకు ముందు ఎవరూ అడగలేదు. జవాబు తోచక గ్లాసులో నీళ్లు పోసి మాత్ర వేశాను. ఆమెకు గుటుక్కున మింగడం చేతకాదు, గొంతుకు అడ్డం పడుతుందని భయం. పారాసెటమాల్ 500. కాసేపటికి అది ఉబ్బి, పగిలి, మెత్తగా పిండై అడుగుకు దిగింది. స్పూనుతో తిప్పి ఇచ్చాను. అవ్వ తాగి, గ్లాసు ఒంచి చూసి, అడుగున మిగిలిన తెల్లటి మడ్డిని నాకు చూపించింది.

“మందంతా ఈడనే నిల్చిపాయ గదా!” అంది. సగం తూకానికి పూర్తి డబ్బు తీసుకున్న కోమటిని చూసినట్టు చూసింది నన్ను.

నిలిచింది మందు కాదు. మాత్ర పొడిపొడి కాకుండా గట్టిగా ఉండడానికీ, కడుపులో పడగానే విచ్చుకోడానికీ ఫ్యాక్టరీలో కలిపే గంజిపిండి, ఇంకా అలాంటివే ఒకటి రెండు పొడులు. అసలు సరుకు కంటికి ఆనకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది. గ్రాము పారాసెటమాల్ కరగడానికి మామూలు నీళ్లు 70 మిల్లీలీటర్లు కావాలి, మరిగే నీళ్లయితే 20 చాలు. అర గ్రాము మాత్రకు చల్లనీళ్లు 35 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. స్ఫటికంలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడానికి కొంత ఖర్చవుతుంది, ఆ ఖర్చును వేడి భరిస్తుంది. అంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు అందులో.

అయితే మాత్రలన్నిటిదీ ఒకే గుణం కాదు. ఆస్పిరిన్ ఇంకా మొండిది. గది వేడిలో గ్రాముకు 300 మిల్లీలీటర్లు అడుగుతుంది, ఒంటి వేడి తగిలితే 100కు దిగుతుంది. పోనీ అని మరగబెడితే విరిగిపోతుంది. పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే గుప్పుమనే వెనిగర్ వాసన అలా విరిగిన దాని వాసనే. ఐబుప్రొఫెన్ అయితే లీటరు నీళ్లలో సుమారు 21 మిల్లీగ్రాములే కరుగుతుంది. 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పూర్తిగా కరగాలంటే మా ఊళ్లో ఆటోలో తెచ్చి దింపే ఇరవై లీటర్ల క్యాను ఇంచుమించు మొత్తం కావాలి. పేగుల్లో ఉండే క్షారం దాన్ని దారికి తెస్తుంది కాబట్టి సరిపోయింది. ఇక ఉడుకునీళ్లా చల్లనీళ్లా అంటారా, ఏవైనా పర్లేదు, గ్లాసు నిండా తాగండి. కడుపులో పడ్డాక రెండూ కాసేపటికి ఒకే వేడికి వస్తాయి.

ఇదంతా అవ్వకు చెప్పలేదు. “మందు నీళ్లలోనే ఉందవ్వా, నువ్వు తాగేశావు” అన్నాను. ఆమె నమ్మలేదు. చేదు తగిలిందా అని అడిగాను. నాలుక చప్పరించి, “ఆ, చేదుండాది” అని ఒప్పుకుంది.

ఆ రాత్రి షట్టరు దించుతుంటే ఛాందోగ్యంలోని ఉద్దాలకుడు గుర్తొచ్చాడు. కొడుకు శ్వేతకేతు చేత నీళ్లలో ఉప్పు వేయించి, తెల్లారి ఆ ఉప్పు తీసుకురమ్మంటాడు. చెయ్యి పెట్టి వెతికితే దొరకదు. ఈ చివర చప్పరించు, మధ్యలో చప్పరించు, ఆ చివర చప్పరించు అంటాడు. అంతటా ఉప్పే. కనిపించనిదే అంతటా నిండి ఉందని చెప్పడానికి అంతకన్నా చవకైన ప్రయోగం లోకంలో ఇంకోటి లేదు. కెమిస్ట్రీ చదివినవాణ్ణి కాబట్టి నాకో కొంటె ఆలోచన వచ్చింది. ఉద్దాలకుడు ఎంచుకున్నది ఉప్పు కాబట్టి గట్టెక్కాడు. ఉప్పుకు వేడీ చలీ ఒకటే. 100 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలో 39. ఆయన చేతికి ఏ ఐబుప్రొఫెనో దొరికి ఉంటే, తెల్లారి పిల్లవాడు అడుగున ఉన్నదాన్ని తీసి చేతిలో పెట్టేవాడు, పాఠం అక్కడే ఆగిపోయేది. మాకు ఎంతో దూరం లేని కటారుపల్లెలో సమాధి అయిన వేమన కూడా ఉప్పునూ కర్పూరాన్నీ పక్కపక్కన పెట్టి రుచి చూడమన్నాడు గానీ నీళ్లలో వేయమనలేదు. వేస్తే ఉప్పు మాయమవుతుంది, కర్పూరం పైన తేలుతుంది. గుళ్లో తీర్థానికి వాసన పట్టించేంత మాత్రం కరుగుతుంది, అంతే.

అవ్వ అన్న రెండో మాట, వడ్డీ సంగతి, నాకు కొత్తది కాదు. మా ఇంట్లోనే విన్నాను.

మా నాయన బడిపంతులు. ఏకాదశి ఏకాదశికీ ఉపవాసం. ధనుర్మాసమంతా చీకటితోనే లేచి, చన్నీళ్ల స్నానం చేసి, చెప్పులు లేకుండా గుడికి పోయేవాడు. డెబ్బై దాటిన ఏడాది, ఆ మాసంలోనే ఓ అర్ధరాత్రి కుడికాలి బొటనవేలు పట్టుకుని లేచి కూచున్నాడు. వేలు ఎర్రగా వాచి నిగనిగలాడుతోంది. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టాడు. గౌట్. ఆయుర్వేదంలో వాతరక్తం అంటారు.

ఆ నొప్పి పుట్టుక గురించి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. రక్తంలో యూరిక్ యాసిడ్ లవణం కరిగి తిరుగుతూ ఉంటుంది. 37 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లలో సుమారు 6.8 మిల్లీగ్రాములు నిలుస్తుంది. 30 డిగ్రీలకు దిగితే నాలుగున్నరే. గుండెకు దూరంగా, ఒంట్లో చల్లగా ఉండే చోటు కాలి బొటనవేలు. రాత్రి ఇంకా చల్లబడుతుంది. అక్కడ నీళ్లు మొయ్యలేని బరువును కీలు సందులో సూదుల్లా దించేస్తాయి. ఉపవాసం ఉంటే ఒంట్లో ఆ యాసిడ్ ఇంకా పెరుగుతుంది. ఏకాదశి ఉపవాసం, చన్నీళ్లు, గుడిబండల మీద వట్టి కాళ్లు, మూడూ కలిసి మా నాయన వేల్లో సూదులు పేర్చాయి. మందు కరగడం గురించి రోజూ జనానికి చెప్పే నేను, నొప్పి కూడా కరగకపోవడంలోనే పుడుతుందని ఆ రాత్రే మొదటిసారి ఆలోచించాను.

డాక్టరు చూసి, కిడ్నీలు బాగాలేవు, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు, ప్రస్తుతానికి పారాసెటమాల్ ఇవ్వండి, అదీ లెక్క మించకుండా అన్నాడు. మా నాయన అదీ ముట్టనన్నాడు.

“ఇది నా బాకీరా. నేనే కట్టుకుంటా. నువ్వు నడిమధ్యలో జామీను ఉండబాక.”

ప్రారబ్ధం మీద ఆయనకు అంత గట్టి నమ్మకం. విల్లు వదిలిన బాణం, తగిలేదాకా ఆగదు. నేనూ ఊరుకోలేదు. వ్రతం చెడగొట్టనివి ఎనిమిదని ధర్మశాస్త్రాలు చెబుతాయి కదా, వాటిలో మొట్టమొదటిది నీళ్లు, చిట్టచివరిది మందు, ఇంక నీకేం అడ్డం అన్నాను. చరకుణ్ణి కూడా లాక్కొచ్చాను. ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉంటుందా అని అగ్నివేశుడు అడిగితే, అంతా ముందే తేలిపోయి ఉంటే మందులూ మంత్రాలూ ఎందుకు, దైవమెంతో మనిషి ప్రయత్నమూ అంతే అని ఆత్రేయుడు చెబుతాడు. మా నాయన నాకంటే బాగా చదివినవాడు. అదే చరకంలో ఇంకోచోట, కర్మవల్ల వచ్చిన రోగాలు చికిత్సకు లొంగవు, ఆ కర్మ తీరాకే తగ్గుతాయని ఉంది, అది నువ్వు చదవలేదా అని అడిగాడు. చదవలేదు.

మా షాపుకు వచ్చే ముస్లిం పెద్దాయన ఒకరున్నారు. రంజాన్ నెలలో కీళ్లనొప్పుల మాత్రను సెహరీకి ఒకటి, ఇఫ్తారుకు ఒకటి సర్దుకుంటారు. మరీ పడుకోబెట్టిన రోజు ఉపవాసం వదిలేసి, తర్వాత ఇంకోరోజు బదులు ఉంటారు. రోగికి ఆ వెసులుబాటు ఖురాన్‌లోనే ఉందని ఎంతో నిమ్మళంగా చెప్పారు. మా నాయనతో ఈ మాట చెబితే, “వాళ్లది మేలైన లెక్క” అని మెచ్చుకుని, మాత్ర మాత్రం ముట్టలేదు.

ఆ మాటకొస్తే తపస్సు అనే మాటే వేడి లోంచి పుట్టింది. నొప్పి మనిషిని కాల్చి పక్వం చేస్తుందని పెద్దలంటారు. నేను రోజూ చూసే వేడి సంగతి వేరు. మా ఊరి బోరు నీళ్లు కాచే కాగులోకి ఒక్కసారి తొంగిచూడండి. చిత్రావతి ఒడ్డునే ఉన్నా, ఏడాదిలో ఎక్కువ రోజులు మాకు కనిపించేది ఇసకే. 550 మిల్లీమీటర్ల సగటు వాన మీద బతికే నేల ఇది. అందుకే లోతుకు దించిన బోర్లే దిక్కు, ఆ నీళ్లు గట్టివి. కాగు లోపల నెలకో పొర చొప్పున తెల్లటి చెక్కు కడుతుంది. మా ఇంటావిడ చింతపండు పెట్టి రుద్దుతుంది, వదలదు. చల్లగా ఉన్నంతసేపు నీళ్లలో కలిసిమెలిసి ఉన్న ఖనిజం వేడి తగలగానే రాయి అవుతుంది. తాంబూలంలో వేసుకునే సున్నమూ అంతే. చల్లటి లీటరు నీళ్లలో గ్రామున్నర పైన కరిగేది, మరిగే నీళ్లలో దానిలో సగం కూడా కరగదు.

అదే పొయ్యి, అదే నీళ్లు. పారాసెటమాల్ కరిగిపోతుంది, సున్నం రాయి అవుతుంది, ఉప్పు పట్టించుకోనే పట్టించుకోదు. నొప్పితో పండిన మనుషుల్ని చూశాను, మా నాయన వాళ్లలో ఒకడు. నొప్పితో రాయైపోయి, కోడళ్ల మీద, కూలీల మీద, కట్టేసిన ఎద్దు మీద కసి తీర్చుకున్న వాళ్లను అంతకంటే ఎక్కువ మందిని చూశాను. ఎవరు ఏ సరుకుతో తయారయ్యారో పొయ్యి మీద పెట్టకముందే తెలిసిన మొనగాడు ఎవడు? నా బాకీ నేనే కడతానని మా నాయన అన్నప్పుడు నాకు కోపం వచ్చింది గానీ తప్పనిపించలేదు. అవ్వతో ఆ మాట అన్న ఆయప్ప మీద మాత్రం ఇప్పటికీ మండుతుంది. ఆయనకు నడుం నొప్పి వచ్చినప్పుడు హిందూపురం దాకా కారులో పోయి ఇంజెక్షను వేయించుకొస్తాడు. బాకీల చిట్టా ఎదుటివాళ్లది అయినప్పుడే తెరుస్తాడు.

అట్లాగని నొప్పి తగ్గించడమే పుణ్యమని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలనా? అదీ చెప్పలేను. దానికి కారణం రాబందులు.

నా చిన్నప్పుడు చెరువు వెనక గొడ్డు చస్తే గంటలో ఆకాశం నల్లబడేది. పెద్ద పెద్ద రెక్కలు, బోడి మెడలు, భయమేసేది. 1990ల నుంచి అవి కనబడ్డం మానేశాయి. మూడు జాతుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా తుడిచిపెట్టుకుపోయాయి. ఎందుకో 2004లో తేలింది. కుంటే ఎద్దుకూ, పొదుగు వాచిన ఆవుకూ జాలిపడి మనం ఇచ్చిన డైక్లోఫెనాక్. గొడ్డు చచ్చాక మాంసంలో మిగిలిన ఆ కొంచెం మందుకే రాబందు కిడ్నీలు పోయాయి. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద తెల్లటి సున్నం పూసినట్టు యూరిక్ యాసిడ్ పేరుకుని ఉంది. మా నాయన బొటనవేల్లో దిగిన పదార్థం అదే. ఎద్దు నొప్పి ఎక్కడికి పోయిందని అవ్వ నన్ను అడిగి ఉంటే, ఆ సంగతికి నా దగ్గర జవాబు ఉండేది.

లేపాక్షి మాకు దగ్గరే. రాముడు జటాయువును లే పక్షీ అన్న చోటని మా వైపు చెప్పుకుంటారు. ఇప్పుడక్కడ గుండు మీద జటాయువు బొమ్మ నిలబెట్టారు, పిల్లలు దాని కింద ఫొటోలు దిగుతారు. పశువులకు డైక్లోఫెనాక్ ఇవ్వడాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆ తర్వాత కూడా రైతులు మనుషులకు వాడే 30 మిల్లీలీటర్ల సీసా అడిగేవాళ్లు. ఎవరికని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఒక్కో సీసా ఎద్దుకేనని నాకు తెలుసు. 2015లో మనుషుల మందుకు కూడా 3 మిల్లీలీటర్లు మించిన సీసా ఉండకూడదన్నాకే నేను అమ్మడం ఆగింది. మా మండలంలో పాలసముద్రం అని ఊరుంది. నీటిచుక్కకు కటకటలాడే నేలలో ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, కస్టమ్స్, మాదక ద్రవ్యాల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీని అక్కడే కట్టారు. 2024 జనవరి 16న ప్రధాని వచ్చి ప్రారంభించారు. ఆ దారిన పోయినప్పుడల్లా నవ్వొస్తుంది నాకు. పాలసముద్రం చిలికితే ముందు వచ్చింది విషం, ధన్వంతరి అమృతం పట్టుకుని వచ్చింది చివర్లో. రెండూ ఒకే కడవలోవి.

మా నాయన దగ్గరికి వస్తాను. మూడో రాత్రి కూడా ఆయన నిద్రపోలేదు. మూలగలేదు. పళ్లు బిగించి విష్ణుసహస్రనామం చెప్పుకుంటున్నాడు. నామాల మధ్య ఊపిరి తెగిపోతోంది. నేను వంటింట్లోకి పోయి చెంబులో నీళ్లు మరగబెట్టాను. రెండు మాత్రలు నూరి వేశాను. మరిగే నీళ్లలో మందు చిటికెలో కరిగింది. పక్కన పెట్టి, తెల్లటి మడ్డి అడుగుకు దిగేదాకా కూచున్నాను. పైన తేరిన నీళ్లను కదలకుండా ఇత్తడి గ్లాసులోకి వంచాను. బావినీళ్లలా స్వచ్ఛంగా ఉన్నాయి. చల్లారబెట్టాను. ఆయన నమ్మకాన్ని దొంగతనంగా దాటుతున్నానని నాకు తెలుసు. వృత్తిలో అడుగుపెట్టేటప్పుడు నాకు చెప్పిన మొదటి మాట, తాగేవాడికి తెలియకుండా మందు ఇవ్వొద్దని. అయినా చేశాను. ఒకటి మాత్రం మరిచిపోయాను. బాగా కరిగితే కనిపించదు సరే, బాగా కరిగితే ప్రతి చుక్కా చేదవుతుంది. ఉద్దాలకుణ్ణి చదివినవాణ్ణి, అది నాకు తట్టలేదు.

“ఇంద నాయనా, రోంత నీళ్లు తాగు.”

ఒక గుక్క తాగి ఆగాడు. నా మొహంలోకి చూశాడు.

“నీళ్లు చేదెక్కినాయేందిరా?”

“బోరు మారింది” అన్నాను. ఊళ్లో ఎప్పుడూ ఏదో ఒక బోరు ఎండిపోయి ఇంకోటి పడుతూనే ఉంటుంది కాబట్టి నోటికొచ్చిన అబద్ధం అదే.

ఇంకో గుక్క తాగి మళ్లీ ఆగాడు. కళ్లు మూసుకుని నాలుక మీద దాన్ని కాసేపు ఉంచుకున్నాడు. సగానికి వచ్చాక ఇంకోసారి ఆగాడు. చివరి చుక్క దాకా తాగి గ్లాసు నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంట తర్వాత నామాలు ఆగిపోయాయి. ఏమైందోనని దగ్గరికి పోయి చూశాను. నిద్రపోతున్నాడు.

మర్నాడు రాత్రి, అదే వేళకు, మంచం మీద నుంచి పిలిచాడు.

“రేయ్, ఆ కొత్త బోరు నీళ్లు రోంత తేరా.”